ఎవరూ రాని తలుపు

పట్టణంలో మోటారుసైకిలు ఆపుకోవడానికి చోటు దొరకడం ఎంత గగనమో బండి ఉన్న ప్రతివాడికీ తెలుసు. తెల్లగీతల గడులు ఉంటాయి, కాని అవి నిండిపోయైనా ఉంటాయి, లేదా మన పనికి రెండు వీధుల అవతలైనా ఉంటాయి. అప్పుడు కళ్లు ఏదో ఒక ఖాళీ గోడ కోసం వెతుకుతాయి. "ఐదు నిమిషాలే కదా" అని మనకు మనమే అనుమతి ఇచ్చేసుకుంటాం. ఈ కథలోని లిఫ్టు మెకానిక్కు కూడా మనలాంటివాడే. కాకపోతే అతను తన తప్పుకు తిరుగులేని కారణం కూడా ఒకటి కనిపెట్టుకున్నాడు.

అతను నెలకోసారి చూసే నాలుగంతస్తుల భవనం ఒకటుంది. దాని లిఫ్టు నడిచేది నూనె ఒత్తిడితో. మోటారూ నూనె తొట్టీ ఉన్న గది కిందనే, పక్క సందులో ఉంటుంది. దానికున్న ఇనుప తలుపు బయటికి తెరుచుకుంటుంది. తలుపు ముందు నేల మీద పసుపుపచ్చ అడ్డగీతలు, తలుపు మీద "ఇక్కడ వాహనాలు నిలపరాదు" అన్న అక్షరాలు. మెకానిక్కు ఆ గదిలో పని ముగించి తలుపుకు తాళం వేశాక, పై అంతస్తులు చూడటానికి వెళ్లే ముందు, బండిని సరిగ్గా ఆ తలుపుకే ఆనించేవాడు. ముందు చక్రంలోంచి గొలుసు దూర్చి పక్క కిటికీ ఊచలకు చుట్టి తాళం వేసేవాడు.

ఆ నెల కూడా అంతే చేస్తుంటే ట్రాఫిక్ కానిస్టేబులమ్మ చూసింది.

"ఏం బాబూ, ఆ గీతలు కనిపించడం లేదా?"

"కనిపిస్తున్నాయి మేడమ్. కానీ ఈ గదిలోకి వెళ్లేవాణ్ణి నేనొక్కణ్ణే. నా తలుపుకి నా బండి అడ్డమైతే ఎవరికి నష్టం చెప్పండి?"

"మార్కెట్ మూలన గడులున్నాయిగా, నాలుగు నిమిషాల నడక."

"ఈ పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఒక్కసారి నడిచి చూడండి మేడమ్, నిమిషం ఎంత పొడుగో తెలుస్తుంది."

ఆమెకు నవ్వొచ్చింది. "సరే, త్వరగా కానివ్వు" అని వెళ్లిపోయింది. ఆమెను మాటల్లో గెలిచానని మెకానిక్కు మురిసిపోయాడు. గది తాళం చెవిని, సందు కనిపించని ముందువైపున్న వాచ్‌మన్ బల్ల పక్క కొక్కేనికి తగిలించి, బండి తాళాల గుత్తి జేబులో వేసుకుని, లిఫ్టు ఎక్కాడు.

తలుపు మూసుకోబోతుండగా ఒక పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఒకప్పటి బస్సు డ్రైవరు, నాలుగో అంతస్తులో ఉంటాడు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ముక్కుకు గొట్టం, భుజానికి వేలాడే సంచిలో చిన్న ఆక్సిజన్ సిలిండరు. ఆసుపత్రికి వెళ్లి వస్తున్నాడు.

"రండి బాబాయ్ గారూ. పైకే వెళ్తున్నా."

"ముప్పై ఏళ్లు ఊరందర్నీ మోశాను నాయనా. ఇప్పుడు నాలుగంతస్తులకే ఇంకొకరు మోయాల్సి వస్తోంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. రెండో అంతస్తు దాటి మూడోది వస్తుండగా కరెంటు పోయింది. దీపం ఆరింది. గాలిపంకా రెండు చుట్లు తిరిగి ఆగింది. లిఫ్టు నిలిచిపోయింది.

మెకానిక్కుకు ఇది కొత్త కాదు. చరవాణి వెలుతురులో లోపలి తలుపును పక్కకు లాగాడు. ఎదురుగా గోడ. బాగా పైన, అరచేతి మందాన మాత్రం మూడో అంతస్తు తలుపు అడుగుభాగం కనిపించింది. అందులోంచి పిల్లి కూడా దూరదు.

"ఏం ఫర్వాలేదు బాబాయ్ గారూ. కింద మోటారు గదిలో ఎర్ర పిడి ఉంటుంది. దాన్ని తిప్పితే కరెంటు లేకపోయినా లిఫ్టు మెల్లగా కిందికి జారుతుంది. వాచ్‌మన్‌కి చెప్తాను, రెండు నిమిషాల పని."

పెద్దాయన సిలిండరులో ఎంత మిగిలిందో చూపే ముల్లు వంక చూసుకున్నాడు. "ఇంటికెళ్లేదాకా సరిపోతుందన్నారు. మహా అయితే పావుగంట వస్తుందేమో."

మెకానిక్కు ఫోను చేశాడు. వాచ్‌మన్ తాళం చెవి తీసుకుని పరుగెత్తాడు. వాళ్లు ఎదురుచూశారు. ఆ పెట్టెలో గాలి వేడెక్కింది. పెద్దాయన గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ప్రతి ఊపిరికీ గొట్టంలో సన్నని శబ్దం వస్తోంది. రెండు నిమిషాలు పదయ్యాయి. ఇంతలో పెద్దాయన ఫోను మోగింది. కోడలు. ఆమె ఏడుపు లిఫ్టంతా వినిపించింది.

"మామయ్యా, భయపడకండి. ఆ గది తలుపు రావడం లేదు. ఎవడో దరిద్రుడు దానికి అడ్డంగా బండి పెట్టి పోయాడు. గొలుసు కూడా వేశాడు. నలుగురు లాగుతున్నా కదలట్లేదు. కోసేవాణ్ణి పిలిపిస్తున్నాం, మార్కెట్టు నుంచి రావాలట..."

మెకానిక్కు చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది. గుత్తి అక్కడే ఉంది.

"చూశావా నాయనా," అన్నాడు పెద్దాయన, ఒక్కొక్క మాటకూ ఆగుతూ. "ఎక్కడ పడితే అక్కడ పెట్టేయడమే. వాడికి మనం ఇందులో ఉన్నట్టు కూడా తెలీదు. ఇప్పుడు ఎక్కడ కూర్చుని టీ తాగుతున్నాడో."

ఆగిపోయిన లిఫ్టులో ముఖం దాచుకోవడానికైనా చోటుండదు. చరవాణి వెలుతురు ఆరిపోతే బాగుండునని మెకానిక్కుకు ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"టీ తాగడం లేదు బాబాయ్ గారూ. మీ పక్కనే ఉన్నాడు. ఆ బండి నాదే."

పెద్దాయన తలెత్తి చూశాడు. ముల్లు ఎర్రగీత మీదికి వచ్చింది.

"ముందు తాళం సంగతి చూడు. నిన్ను తిట్టాలన్నా నాకు ఊపిరి కావాలిగా."

మెకానిక్కు గుత్తిలోంచి బండి తాళం చెవీ గొలుసు తాళం చెవీ విడదీశాడు. తొందరలో ఒకటి చేజారి కింద పడింది. అది లిఫ్టుకూ గోడకూ మధ్య సందులోకి జారేదే, పెద్దాయన పాదంతో తొక్కి ఆపాడు. మెకానిక్కు దాన్ని తీసి, చేత్తో పట్టుకోవడానికి లిఫ్టు గోడకు బిగించిన కమ్మీ మీద నిలబడి, చెయ్యి చాచి, మూడో అంతస్తు తలుపు కింది సన్నని సందులో ఒక్కొక్క చెవినీ తోశాడు. "ఎవరైనా ఉన్నారా! మోటారు గది ముందున్న బండి తాళాలివి, తీసుకెళ్లండి!" అని గొంతు చించుకుని అరిచాడు. పైన అడుగుల చప్పుడు. ఎవరో తాళాలు అందుకుని మెట్ల మీద పరుగెత్తారు.

తర్వాత మూడు నిమిషాలు అతని జీవితంలోకెల్లా పొడుగైనవి. గొట్టంలో శబ్దం ఆగిపోయింది. పెద్దాయన పెదవులు నల్లబడుతున్నాయి. మెకానిక్కు ఆయన పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసి, "ఇదిగో, వచ్చేశారు, వచ్చేశారు" అని అదేపనిగా అంటూనే ఉన్నాడు. పని చేసిన పద్దెనిమిదేళ్లలో అతను ఎంతోమందిని ఇలాంటి పెట్టెల్లోంచి బయటికి తీశాడు. లోపల కూర్చోవడం ఎలా ఉంటుందో మాత్రం అతనికి అదే మొదటిసారి తెలియడం.

ఫోనులో వాచ్‌మన్ రొప్పుతున్నాడు. "అన్నా, తలుపు తెరిచాను. ఎర్ర పిడి, ఎడమకా?"

"ఎడమకే తమ్ముడూ. మెల్లగా!"

లిఫ్టు కదిలింది. రెండో అంతస్తు గడప కాళ్ల ముందుకు రాగానే "ఆపు" అని అరిచి, మెకానిక్కు తలుపులు రెండు చేతులా లాగాడు. పైనుంచి పెద్ద సిలిండరును దించుకొచ్చి పట్టుకుని నిలబడిన కోడలూ ఇరుగుపొరుగువాళ్లూ ఎదురుగా కనిపించారు. ఆమె మామగారి ముక్కుకు కొత్త గొట్టం తగిలించింది. కాసేపటికి ఆయన పెదవులకు మళ్లీ రంగు వచ్చింది. అప్పుడు మెకానిక్కు అక్కడే గోడ పక్కన కూలబడి, నలుగురి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

బండి అతనిదేనని తెలిసి కోడలు అతన్ని కడిగేయబోతే పెద్దాయనే చెయ్యెత్తి ఆపాడు.

"వదిలెయ్యమ్మా. నేనూ నడిపినోణ్ణే, చోటు దొరకని బాధ నాకు తెలుసు. గడులు చాలవని మున్సిపాలిటీతో పోట్లాడదాం, నేనూ వస్తాను. కానీ నాయనా, గడులు చాలకపోతే ఆ కష్టాన్ని మనం మొయ్యాలి. లిఫ్టులో ఉన్నవాడి నెత్తిన పెట్టకూడదు."

మరుసటి నెల మెకానిక్కు బండిని మార్కెట్ మూలన తెల్లగడిలో పెట్టి, సంచి భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. సందులోకి తిరిగేసరికి మోటారు గది తలుపు ముందు, పసుపు గీతల మీద, ఒకాయన స్కూటరుకు స్టాండు వేస్తున్నాడు.

"అన్నా, ఇక్కడ పెట్టకండి."

"ఐదు నిమిషాలే. అయినా ఈ తలుపు దగ్గరికి ఎవరొస్తారండీ?"

తన మాటే తనకు ఎదురొచ్చింది. మెకానిక్కుకు కోపం రాలేదు. సంచి కింద పెట్టి, ఆయనకు మార్కెట్ మూలకు దారి చూపించాడు.

"రోజూ ఎవరూ రారన్నా. ఒక మనిషి ఊపిరి ఆగిపోతున్న రోజున మాత్రం అందరూ ఇటే పరుగెత్తుకొస్తారు. ఆ ఒక్క రోజు కోసమే ఇక్కడ గీతలు గీశారు. బండి పెట్టుకోవడానికి ఖాళీ ఉంటే సరిపోదు, ఆ ఖాళీ ఎవరి ప్రాణం కోసం ఉంచారో కూడా చూడాలి."