హేమశ్రీ చదివిన వార్తలు

టమాటా లారీ బోల్తా పడింది నిన్నటి పేపర్లో కదా, ఇవాళ మళ్లీ ఎందుకు పడుతోంది అనుకుంటూ పవిత్ర టీచరు మైకు వైరు సరిచేసి లేచింది, ప్రేయర్‌లో అరవై మంది పిల్లలు ఎండకు కళ్లు చికిలించి నిలబడ్డారు, మెట్టు మీద నాలుగో తరగతి హేమశ్రీ గొంతెత్తి వార్తలు చదువుతోంది, హెడ్‌మాస్టరు చంద్రకాంతమ్మ మేడం దారిలో కొనుక్కొచ్చిన ఈరోజు పేపరు ఆఖరి నిమిషంలో పిల్ల చేతికిచ్చి, ఇది చదువు మా అని ఫోనులో హాజరు వేసుకుంటూ పక్కకు వెళ్లింది, పిల్ల కళ్ల ముందున్న పేజీలో వార్తే లేదు, పేజీ నిండా నగల దుకాణం ప్రకటన, ఒకే ఒక్క హారం, ఆ హారంలోంచి హేమశ్రీ లారీని, కలెక్టరు పర్యటనను, వాన సూచనను తడబడకుండా బయటికి తీస్తోంది, పవిత్రకు ఆశ్చర్యం కలగలేదు, జూన్ నుంచి తెలుసు, పిల్ల రోజూ సాయంత్రం పేపరు ఇంటికి తీసుకుపోతుంది, వాళ్ల అక్క ఐశ్వర్య చదివి వినిపిస్తుంది, తెల్లారేసరికి అంతా నోటికి వచ్చేస్తుంది, ఒకసారి బోర్డు మీద పలక అని రాసి చదవమంటే పిల్ల ముందు పవిత్ర ముఖం చూసింది, తర్వాత కిటికీ చూసింది, దప్పిగా ఉండాది మేడం అన్నది, పోయి తాగిరా అన్నది పవిత్ర, ఆ తర్వాత ఇద్దరూ దాని మాటే ఎత్తలేదు.

చప్పట్లు, చంద్రకాంతమ్మ మైకు అందుకుని, ఈ నెల పాఠం ఆత్మవిశ్వాసం గదా, దాన్ని పుస్తకంలో ఎతకబాకండి, ఇదో ఈడ నిలబడుండాది సూడండి అన్నది, పిల్లలు నవ్వారు, ఆమె పవిత్ర వైపు వంగి, శుక్రవారం సత్యవేడులో మండలం పోటీ ఉండాది, అప్పటికప్పుడు కాగితమిచ్చి సదివిస్తారంట, మన బిడ్డకు అదొక లెక్కా, పేరు పంపించేస్తా, బాగా తయారు చేసినావు పవిత్రా అన్నది, ఆ మాట పవిత్రకు హాయిగా ఉంది, అలా ఉండటం కూడా ఆమె గమనించింది, హేమశ్రీ పేపరును నాలుగు మడతలు, ఎనిమిది మడతలు పెట్టి దగ్గరికొచ్చి, మేడం, ఆ కాగితం ముందురోజే ఇస్తారా అని మెల్లగా అడిగింది, ఇయ్యరు మా అన్నది పవిత్ర, పిల్ల ఇంకో మడత పెట్టింది.

చిన్నప్పుడు ఏర్పేడు దగ్గర తమ ఊరి బడిలో అయిదేళ్లూ పవిత్ర ప్రతిజ్ఞకు పెదవులు మాత్రమే కదిపింది, నెమ్మదైన బిడ్డ అని సార్లు మెచ్చుకున్నారు, నోరెందుకు రాదని ఎవరూ అడగలేదు, అందుకే ఈ పిల్ల గొంతు మైకులో మోగుతుంటే తనకే నోరు వచ్చినట్టుండేది, ఆ గొంతు ఆగిపోకూడదని అక్షరాల జోలికి పోలేదు, పిల్ల కోసమే అనుకుంది, జాతీయ గీతం అయిపోయింది, వరసలు తరగతుల్లోకి కదిలాయి, చంద్రకాంతమ్మ ఫోనులో పేరు కొడుతోంది, పవిత్ర అటు నడుస్తూ మాటలు కూర్చుకుంది, ఆ బిడ్డకు సదవడం రాదు మేడం, ఈ మాట ఎంత సులువుగా వస్తోందో, తప్పంతా పిల్లదే అయినట్టు, కాదు, ముందు చెప్పాల్సిన మాట అది కాదు, నాకు జూన్ నుంచే తెలుసు మేడం, అదీ.