కట్టుడు పళ్ళ పులి

గురువారం వచ్చిందంటే అక్క పని తొందరగా ముగించేది. కట్టుడు పళ్ళు తయారుచేసే గదిలో కిటికీ పక్క బల్ల ఆమెది. మైనం కరిగించే స్పిరిట్ దీపం ఆర్పి, గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న ప్లాస్టర్‌ని పాత బ్రష్‌తో తోముకుని, ఆ రోజు తయారైన సెట్లను నీళ్ళ గిన్నెల్లో ముంచి, తలుపుకు తాళం వేసేది. అక్కడి నుంచి రెండు వీధులు దాటితే బొమ్మల కొట్టు. దాని వెనక గదిలో ఆమె స్నేహితులు ఎదురుచూస్తూ ఉండేవారు. చంకలో రేకు డబ్బా, డబ్బాలో కార్డులు పెట్టుకుని, బడి వదిలిన పిల్లలా నడిచేది.

ఆ గదిలో ఆడేది అడవి ఆట. అదేమీ బ్రహ్మవిద్య కాదు. కార్డు మీద ఒక జంతువు బొమ్మ ఉంటుంది, కింద గుండ్రంలో దాని బలం అంకె ఉంటుంది. నువ్వొకటి దించితే నేనొకటి దించుతాను. పెద్ద అంకె చిన్న అంకెను పడగొడుతుంది. ఎప్పుడు దేన్ని దించాలి, దేన్ని దాచుకోవాలి అన్నదే నేర్పు. ఏడాదికోసారి కంపెనీ కొత్త విడత ప్యాకెట్లు వదిలేది. పాతవాటికన్నా కొత్తవాటి అంకె ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉండేది. లేకపోతే కొనేదెవరు?

కొత్త విడతకు అంకెలు పడిన ప్రతిసారీ పాత కార్డుల్లోని జంతువులు ముసలివయ్యేవి. కాగితం నలగడం కాదు, జంతువులకే వయసు మీద పడేది. ఎలుగుబంటికి కీళ్ళు పట్టేసేవి. నెమలి ఈకలు రాలి కార్డు అడుగున పోగయ్యేవి. కొత్తవాటి అంకెను బట్టి పాతవాటి వయసు. అంకె ఎన్నడూ కిందికి దిగింది లేదు కాబట్టి, దిగితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. మరీ ముసలిదైపోయిన జంతువు ఒక పొద్దున కార్డులో కనిపించేది కాదు. వెనకున్న చెట్టో గట్టో మిగిలేది. దీనికెవరూ ఆశ్చర్యపోయేవాళ్ళు కారు, ఎవరికైనా తప్పుతుందా అనేవారు. రిటైరైన పోస్టు మావయ్య దున్నపోతు అలాగే పోయింది. ఆయన ఆ ఖాళీ కార్డును చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. అడిగినవాళ్ళకి తీసి చూపించి, “పచ్చిక భలే ఉంది కదూ” అనేవాడు.

అక్క దగ్గర మిగిలిన పాత కార్డు ఒక్కటే. పులి. బలం ఏడు.

ఆ పులి వచ్చిన రోజు సంగతి ఆమె ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరేది కాదు. నాన్న ఒక్క ప్యాకెట్ తెచ్చి అక్కాచెల్లెళ్ళిద్దరి మధ్యా పెట్టాడు. చించే హక్కు ఎవరిదని ఇద్దరూ పొద్దున్నుంచి జుట్లు పట్టుకుని, చివరికి చెరో మూలా పట్టుకుని లాగారు. ప్యాకెట్ ఫట్టున చిరిగింది, పులి వచ్చి చెల్లి ఒళ్ళో పడింది. ఆ రోజుల్లో ఏడంటే మాటలా! పక్క వీధి పిల్లలు కూడా వచ్చి, చేతులు కడుక్కుని మరీ పట్టుకుని చూశారు. చివరికి పులి అక్క డబ్బాలోకి చేరింది. అక్క ఆ పులితో గెలవడం నేర్చుకుంది. చెల్లి ఆ పులిని ఓడించే దారులు వెతకడం నేర్చుకుంది. వెతికి వెతికి ఎంత ఆరితేరిందంటే, పెద్దయ్యాక కంపెనీవాళ్ళే పిలిచి ఉద్యోగం ఇచ్చారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడని సామెత కదా. ఆ తలను తన్నేవాణ్ణి ఏడాదికొకణ్ణి పుట్టించడమే చెల్లి ఉద్యోగం. కార్డుల కింద గుండ్రాల్లో అంకెలు రాసేది ఆమే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో చెల్లి ఒకసారి వెనక గదికి వచ్చింది. అందరూ లేచి కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. బల్లల మీద కీళ్ళు పట్టిన ఎలుగులు, కళ్ళు మసకబారిన గద్దలు. ఎవరూ ఆమెను ఒక్క మాటా అనలేదు. అదే ఆమె తట్టుకోలేకపోయింది. మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి అక్కాచెల్లెళ్ళు ఫోన్లో వాన గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకునేవారు. పులి ఊసు ఇద్దరూ ఎత్తేవారు కాదు.

నిరుడు విడతలో కుందేలుకు తొమ్మిది వచ్చింది. కుందేలుకు! ఆ వారమే పులి పళ్ళు రాలిపోయాయి. ఆకలేసినా పులి గడ్డి మేయదంటారు. పళ్ళు లేని పులి ఏం మేస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక్క కోర మిగిలింది, అదీ కదులుతూ.

ఈ ఏడాది కొట్టు నడిపే పెద్దమ్మ గోడకు రాబోయే విడత పోస్టర్ అతికించింది. పోస్టర్ నిండా ఏనుగు, దాని కింద పన్నెండు.

“ఒకేసారి మూడు మెట్లా!” అంది పెద్దమ్మ, తనే అతికించి తనే తిట్టుకుంటూ.

పోస్టు మావయ్య అక్క భుజం మీద చెయ్యి వేశాడు. “నీ పులి దీన్ని తట్టుకోదమ్మా” అన్నాడు.

అక్కకూ తెలుసు. పులి పోతే ఆటలో ఓడిపోతానని కాదు ఆమె బాధ. ఓటమి ఆమెకు పాత చుట్టమే. ఆ ప్యాకెట్‌కి రెండో మూల పట్టుకున్న మనిషి ఒకతె ఉందని గుర్తుచేసేది ఆ పులి ఒక్కటే. అదీ పోతే ఇద్దరికీ వాన కబుర్లే మిగులుతాయని ఆమెకు భయం పట్టుకుంది.

భయం వేసినప్పుడు మనిషి తనకొచ్చిన పనే చేస్తాడు. అక్క పులికి పళ్ళు పెట్టింది. మరునాడు మధ్యాహ్నం, భోజనం మానేసి, పులిని బల్ల మీద పడుకోబెట్టి, అన్నిటికన్నా సన్నని బ్రష్ తీసింది. రంగుల పట్టీ పక్కన పెట్టి చూసుకుని, తెల్లది కాకుండా కాస్త పసుపు తిరిగిన రంగు ఎంచింది. ముసలి మొహంలో మల్లెపువ్వుల్లాంటి పళ్ళు ఎబ్బెట్టుగా ఉంటాయని ఆమెకు తెలుసు. పైవరసా, కిందివరసా, పోయిన మూడు కోరలూ దిద్దింది. పులి కాసేపు మూతి అటూ ఇటూ తిప్పి ఇబ్బంది పడింది. కొత్త సెట్టు పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా మొదట్లో అంతే. ఆనక హాయిగా నోరు మూసుకుని తల ఎత్తింది. అక్కకు కళ్ళు చెమర్చాయి.

ఆదివారం పోటీ. అక్క మొదటి ఆటలోనే పులిని దించింది. పోటీ పెద్ద కార్డును వెలుతురుకి ఎత్తి చూసి, గోటితో మెల్లగా తడిమాడు.

“దీని మీద రంగు వేశారు. గీసిన కార్డు చెల్లదు.”

“రంగు కాదండీ, పళ్ళు.”

“ఏదైనా చెల్లదమ్మా. ఇవాళే కాదు, ఎప్పటికీ చెల్లదు.”

“ఇన్నేళ్ళుగా ఎంతమందికి పళ్ళు పెట్టానో! ఒక్కళ్ళూ చెల్లదనలేదు” అంది అక్క. పోటీ పెద్ద నవ్వలేదు. గీకి తీసేద్దామంటే బొమ్మ చిరిగిపోతుంది. చేజేతులా చేసుకున్నాను కదా అని ఆమె ఇంటికొచ్చి మంచం మీద కూలబడింది. గురువారం పెద్దమ్మ కూడా తల అడ్డంగా ఊపింది. “నా కొట్లో మాత్రం ఎలా ఒప్పుకోనమ్మా, వాళ్ళ ప్యాకెట్లు అమ్ముకునేదాన్ని” అంది.

ఆ మరునాడు అక్క చెప్పాపెట్టకుండా చెల్లి ఆఫీసుకి వెళ్ళింది. చిన్న గది. గోడ నిండా జంతువుల బొమ్మలు పిన్నులతో గుచ్చి ఉన్నాయి, అన్నిటి కిందా గుండ్రాలు ఖాళీగా ఉన్నాయి. బల్ల మీద ఒక పెన్సిలు, అరిగిపోయిన రబ్బరు ముక్క.

“ఏంటక్కా, ఫోనైనా చెయ్యకుండా? అంతా బాగానే ఉన్నారా?” చెల్లి గాభరాగా లేచింది.

అక్క పులిని తీసి బల్ల మీద పెట్టింది. చెల్లి వంగి చూసింది. ఒక్క క్షణం అర్థం కాలేదు, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“కట్టుడు పళ్ళా! పులికి కట్టుడు పళ్ళేంటే బాబూ!”

నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం నవ్వు అయిపోయాక కూడా చాలాసేపు సాగింది.

“ఇది చెల్లదన్నారు” అంది అక్క.

“ఎవరు? ఉండు, నేను కొత్త పులిని అచ్చు వేయిస్తాను. ఇదే బొమ్మ. పదమూడు ఇస్తాను, సరేనా? ఏనుగును కూడా పడగొడుతుంది.”

“పదమూడు పులి ఎవరో నాకు తెలీదే. ఏడు పులే నాకు తెలుసు. అయినా పదమూడు వస్తే ఆ ఏనుగు గతేంటి?”

“ఏనుగుకేం?”

“ఎవరో ఇద్దరు పిల్లలు చించే ప్యాకెట్లో ఉంటుంది అది. పై ఏటికి దానికీ కీళ్ళు పడతాయి.”

చెల్లి పెన్సిలుని బల్ల మీద దొర్లించింది. “నాకు తెలీదనుకున్నావా? ఒక ఏడాది అంకెలు తగ్గించి రాసి చూశానక్కా. పైవాళ్ళు చింపేశారు. ఈసారి విడత అమ్ముడుపోకపోతే నీ కుర్చీ నీది కాదన్నారు. నేను లేచిపోతే ఇంకెవరో కూర్చుంటారు, పదిహేను రాస్తారు.”

“ఒక పన్ను ఎత్తుగా కూర్చుంటే, ఆ పన్నునే కాస్త అరగదీస్తాం. దానికోసం మిగతావన్నీ పెంచుకుంటూ పోతే నోరు మూతపడదు.”

“నీకు లోకమంతా నోరే కదా!”

“మరి, నా పని అదే” అంది అక్క, నొచ్చుకోకుండా. లేచి నిలబడింది. “పులి నీ దగ్గరే ఉండనీ. సగం నీదే. అది పోయే రోజు చూసే ధైర్యం నాకు లేదే.”

అక్క వెళ్ళిపోయాక చెల్లి గోడ మీది బొమ్మలు తీసి బల్ల మీద పరిచింది. సాయంత్రంలోగా అంకెలు అచ్చుకి పంపాలి. పెన్సిలు తీసి ఏనుగు కింద పన్నెండు రాసింది. పక్కన కార్డులో పులి ముందుకాళ్ళు మడతపడ్డాయి. మొసలి కింద పదకొండు రాసింది. పులి ఒక కన్ను మూసుకుంది. మిగిలిన ఒక్క అసలు కోరా రాలి గడ్డిలో పడింది.

ఇన్నేళ్ళుగా అంకెలు రాసింది కానీ, అవి తగిలే చోటు ఆమె కళ్ళారా చూడలేదు. అదంతా ఎవరెవరి ఇళ్ళల్లోనో, డబ్బాల్లో, జేబుల్లో జరిగేది. ఆమె రబ్బరు తీసుకుని పదకొండు చెరిపింది. పులి కన్ను తెరిచింది. పన్నెండు చెరిపి పది రాసింది. కాళ్ళు కదిలాయి. తొమ్మిది రాసింది, ఎనిమిది రాసింది. చారలు నల్లబడుతూ వచ్చాయి. ఎనిమిది దగ్గర గడ్డం కింద ఒక్క నెరిసిన వెంట్రుక మిగిలింది. ఒక్క వెంట్రుకే కదా, ఇక్కడ ఆపేద్దాం అనుకుంది. కుర్చీ దక్కినా దక్కుతుంది. కానీ చేరిన మొదటి ఏడాది తను పెంచిందీ ఒక్క అంకే. అప్పుడూ ఒక్కటే కదా అనుకుంది. ఆమె ఎనిమిదిని కూడా చెరిపేసింది. టీ చల్లారిపోయింది, బల్ల నిండా రబ్బరు పొట్టు పడింది. ఏనుగుకు ఆరు, మొసలికి అయిదు, మిగతా అన్నిటికీ ఏడుకి మించకుండా రాసి, పైవాళ్ళకు చూపించకుండా కాగితాలు తిన్నగా అచ్చుకు పంపేసింది.

అవి ప్యాకెట్లయి కొట్లకు చేరాక గానీ కంపెనీ పెద్దలకు సంగతి తెలియలేదు. కొన్నవాళ్ళు పెదవి విరిచారు. పోస్టర్ చూపించి పన్నెండేదని పెద్దమ్మను నిలదీసినవాళ్ళూ ఉన్నారు. కంపెనీ చెల్లిని పిలిచి, మర్యాదగానే కుర్చీ ఖాళీ చేయించింది. ఆమె స్థానంలో చేరినతను వచ్చే ఏటికి పదిహేను అని అప్పుడే ప్రకటించాడు.

ఆ గురువారం చెల్లి వెనక గది గుమ్మంలో నిలబడింది. ఒక చేతిలో పులి, ఇంకో చేతిలో కొత్త విడత ప్యాకెట్. ఎవరూ లేచి కుర్చీ వెయ్యలేదు. బల్లల మీద ఎలుగుబంట్లు నిటారుగా నిలబడి వీపు గోక్కుంటున్నాయి. పోస్టు మావయ్య కార్డు మాత్రం పచ్చికగానే ఉండిపోయింది. పోయినవి తిరిగి రాలేదు. ఆయన దాన్ని తీసి ఆమె ముందు పెట్టాడు.

“ఇక్కడ నా దున్నపోతు ఉండేదమ్మా.”

“తెలుసు మావయ్యా. దాన్ని పోగొట్టింది నేనే.”

“ఊఁ.” ఆయన చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. “ఇలా వచ్చి కూర్చో.”

పెద్దమ్మ పులిని వెలుతురుకి ఎత్తి చూసింది. అక్క వేసిన రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. కింద నుంచి అసలు పళ్ళు పొడుచుకొచ్చి, కట్టుడు పళ్ళను తోసేశాయి. “గీత లేదు, రంగు లేదు. నిక్షేపంలా చెల్లుతుంది” అంది. అక్క ఆ పళ్ళను తన అలవాటు కొద్దీ ఒక్కొక్కటే పరీక్షగా చూసుకుంది. ఇంత మంచి వరస తన చేత్తో ఎప్పుడూ పెట్టలేదని ఒప్పుకుంది.

“వచ్చే ఏడాది పదిహేనుట అక్కా” అంది చెల్లి.

“వచ్చే ఏడాది కదా. ఇప్పుడు పంచు.”

చెల్లి ప్యాకెట్ చించింది. ఆట చాలాసేపు సాగింది. కంపెనీలో ఉన్నన్నాళ్ళూ ఆమె తన అంకెలతో తనే ఆడుకుంది, గెలిచినా ఓడినా తనే. ఇప్పుడు ఎదురుగా ఇంకో మనిషి కూర్చుని పెదవి కొరుకుతూ ఆలోచిస్తోంది. ఆ మనిషి ఏ కార్డు దాచిందో తెలీదు. చెల్లి తన చేతిలోని కార్డులు అటూ ఇటూ మార్చుకుంది. చివరికి తను స్వయంగా ఆరు వేసిన ఏనుగును దించింది. అక్క నెమ్మదిగా పులిని దించింది.

చెల్లి బల్ల వంక చూసింది, అక్క వంక చూసింది. కుర్చీ వెనక్కి పడేలా లేచి నిలబడింది.

“ఓడిపోయాను!” అంది గదిలో అందరికీ వినపడేలా, కొత్త ఉద్యోగం దొరికినట్టు. “మావయ్యా, పెద్దమ్మా, విన్నారా? మా అక్క చేతిలో ఓడిపోయాను!”