తెల్ల గుడ్డ పరీక్ష

కింద భర్త మోటార్‌సైకిళ్ళు బాగుచేసే షెడ్డు. పైన డాబా మీద ఆవిడ దండెం. పళ్ళ ఆస్పత్రి డాక్టర్ల తెల్లకోట్లన్నీ ఆవిడే ఉతికి ఇస్త్రీ చేస్తుంది. ఈ ఏర్పాటు ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గాని, కాపురానికి వచ్చిన నాటి నుంచీ పొగకీ తెలుపుకీ మధ్య నలిగేది ఆవిడే. మొన్న ఒక కోటు వీపున మసి చారతో వెళ్ళింది. ఇంకొక్కసారి ఇలా వస్తే వేరేవాళ్ళని చూసుకుంటామని ఆస్పత్రి నుంచి కబురొచ్చింది.

అందుకే హైడ్రోజన్ బళ్ళ కంపెనీ అమ్మాయి ఓ బండి వేసుకుని వచ్చి, "పెట్రోలు బళ్ళు మానేసి పొగ రాని మా బళ్ళే బాగుచేస్తారా?" అని మెకానిక్‌ని అడిగినప్పుడు, ఆయన నోరు విప్పేలోగా ఆవిడ మెట్లు దిగేసింది.

"పొగ రాదంటున్నావు. మరి వెనక ఆ గొట్టం దేనికమ్మా, అందానికా?"

"నీళ్ళు పోవడానికక్కా. లోపల హైడ్రోజనూ, గాలిలో ఉండే ఆక్సిజనూ కలిసి కరెంటు పుడుతుంది. దాంతో మోటారు తిరుగుతుంది. చివరికి మిగిలేది నీళ్ళే."

ఆవిడకి మాట మీద కన్నా గుడ్డ మీద నమ్మకం. ఉతికిన తెల్ల గుడ్డ ఒకటి గొట్టం చివర కట్టి, భర్తని ఊరంతా తిరిగి రమ్మంది.

"బండికి తలపాగా చుట్టడం నీ దగ్గరే చూశాను," అంటూ ఆయన తిరిగొచ్చాడు. గుడ్డ తడిసింది గాని తెలుపు చెక్కుచెదరలేదు.

అక్కడితో ఊరుకునే మనిషి కాదు. "ఇంతకీ ఈ హైడ్రోజన్ ఎక్కడ కాస్తుందమ్మా?"

పక్క ఊరి ఫ్యాక్టరీలో సహజవాయువు నుంచి తీస్తారనీ, సిలిండర్లు లారీలో వస్తాయనీ ఆ అమ్మాయి చెప్పింది. ఆవిడ ఇంకో తెల్ల గుడ్డ తెచ్చి, ఆ సిలిండర్లకి వెళ్తున్న లారీ డ్రైవరు చేతిలో పెట్టింది. "అన్నయ్యా, ఫ్యాక్టరీ పక్కన ఓ పగలంతా ఆరేసి పట్టుకురా."

రెండు రోజులకి ఆ అమ్మాయి మళ్ళీ వచ్చేసరికి, డ్రైవరు చేతిలో ఆ గుడ్డ పెనం అడుగులా నల్లబడి వచ్చింది. అంటే తన దండెం మీది మసిని ఎవరి దండెం మీదికో తోలుతున్నట్టేగా.

"వద్దని చెప్పెయ్యండి," అంది భర్తతో.

ఆయన గుడ్డ వాసన చూశాడు. ఇరవై రకాల పొగలు పీల్చిన ముక్కది. "ఇది డీజిలు. ఏమోయ్, ఎక్కడ కట్టావు దీన్ని?"

"వేరేచోట కడితే మర్చిపోతానని మన లారీ పొగగొట్టం పక్కనే కట్టానండీ," అన్నాడు డ్రైవరు. "భద్రంగా తెచ్చాగా."

"భద్రంగానే ఉంది నాయనా. తెలుపొక్కటే దారిలో దిగిపోయింది," అందావిడ.

కంపెనీ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఫ్యాక్టరీ దగ్గర కట్టినా ఏమీ తెలిసేది కాదక్కా. అక్కడ ముఖ్యంగా వచ్చేది కార్బన్ డయాక్సైడ్. దానికి రంగుండదు, గుడ్డకి అంటదు. భూమిని వేడెక్కిస్తుందంతే."

ఆవిడ ఆ నల్ల గుడ్డని మడిచి మెట్టు మీద పెట్టింది. ఇన్నేళ్ళూ మురికంటే గుడ్డకి అంటేదే అనుకుంది. ఉతికితే పోనిదే కాదు, కంటికే కనపడనిది కూడా ఉందన్నమాట.

"పోనీ, నీళ్ళ నుంచే తీయకూడదూ?"

"తీయొచ్చు, ఎండ కరెంటుతో. అది శుభ్రమే. కాకపోతే కరెంటు సగం పైగా దారిలోనే హరించుకుపోతుంది. అదే కరెంటు బ్యాటరీ బండికి పెడితే ఇంకా చాలా దూరం పోతుంది."

"ఈ సంగతి మీ కంపెనీకి తెలుసా?"

"తెలుసక్కా. కానీ మా బండి నిమిషాల్లో నిండుతుంది, రోజంతా తిరిగేవాళ్ళకి నయం అంటారు. అదీ నిజమే."

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. "మొత్తానికి నన్నేం చెప్పమంటావు? ఔననాలా, కాదనాలా?"

"ఔననండి. మళ్ళీ కోట్లకి మసి అంటితే ఆస్పత్రి పని పోతుంది. కానీ అమ్మాయ్, ఆ ఎండ కరెంటు గ్యాసు ఎప్పుడు తెస్తారో కనుక్కుని చెప్పు. చెప్పేదాకా అడుగుతూనే ఉంటా."

మర్నాడు బోర్డు రాసేవాడు వచ్చాడు. 'పొగ లేదు, కాలుష్యం లేదు' అని కంపెనీ పంపిన మాట. ఆవిడ రెండోది తీసేయించి, మొదటిదాని ముందు 'ఇక్కడ' అని చేర్పించింది.

"ఇక్కడ లేదంటే మరెక్కడుందని అడగరా అమ్మా, జనం?" అన్నాడు వాడు కుంచె ఆపి.

"అడిగితే పైకి నా దగ్గరికి పంపించు," అని ఆవిడ తడి కోట్ల బకెట్టు ఎత్తుకుని డాబా ఎక్కింది.