ఇద్దరు పట్టే గుడారం

గోడౌన్‌లో పనివాళ్ళందరూ ఆమెను చాటుగా ఫ్రిజ్జమ్మ అంటారు. చేపలూ, బఠాణీలూ మైనస్ ఇరవైలో రాళ్ళలా గడ్డకట్టి ఉండే ఆ కోల్డ్ స్టోరేజీకి ఆమే సూపర్‌వైజరు. ఆ పేరు సంగతి ఆమెకు తెలుసు, తెలుసునన్న సంగతి మాత్రం వాళ్ళకు తెలియదు. పేరులో తప్పేమీ లేదు. కాకపోతే ఆవేళ ఫ్రిజ్జమ్మ లోపల చల్లదనమన్నది చిటికెడు కూడా లేదు. అంతా మంటే.

ఆ మంటకు కారణం ఆమె ఆఫీసు గదిలోనే, ఆమె ఫ్లాస్కులోని టీ తాగుతూ తీరిగ్గా కూర్చుని ఉంది. ఆవిడ ఎవరో కాదు, చెల్లెలి తోడికోడలు.

చెల్లెలూ, ఆ తోడికోడలూ కలిసి చలికాలం సెలవులకు ఉత్తర ధ్రువం దగ్గరున్న ఒక ఊరికి బయల్దేరుతున్నారు. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు ఉదయించనే ఉదయించడట. కుక్కలు లాగే బండి మీద మంచులో షికారు, గడ్డకట్టిన సరస్సు మీద గుడారంలో ఒక రాత్రి, అదృష్టం బాగుంటే ఆకాశం నిండా ఆకుపచ్చ వెలుగులు. మొగుళ్ళిద్దరూ "మాకు దుప్పట్లు చాలు, మీరు వెళ్ళి రండి" అనేశారు. మరి కొన్న కోట్లు ఆ చలికి ఆగుతాయో లేదో ముందే చూసుకోవాలి కదా! "మా అక్క దగ్గర కావలసినంత చలి ఉంది" అని చెల్లెలు తోడికోడల్ని ఇక్కడికి లాక్కొచ్చింది, చలి అంతా అక్క సొంత ఆస్తి అయినట్టు.

"అక్కా, కుక్కల బండి మొదటిరోజు పెట్టుకుందామా, రెండోరోజా?" అంది చెల్లెలు ఫోనులోంచి తలెత్తకుండా.

"నన్నడిగితే నాకేం తెలుసే?" అంది ఫ్రిజ్జమ్మ.

"నిన్ను కాదక్కా. అక్కని అడుగుతున్నా."

"రెండోరోజే నయం. మొదటిరోజు కాస్త అలవాటు పడదాం" అంది తోడికోడలు.

పెళ్ళయిన కొత్తలో చెల్లెలు ఆవిడ్ని 'అక్కయ్యగారూ' అనేది. కొన్నాళ్ళకు 'గారు' రాలిపోయింది. ఆ పైన 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. వరసకు పెద్ద తోడికోడలు అక్కే అవుతుంది, కాదనేవాళ్ళెవరు? కానీ అమ్మ పనికి పోతే ఈ పిల్లకు జడలు వేసిందెవరు? ఎక్కాలు రాక ఏడుస్తూ కూర్చుంటే, జ్వరం వచ్చిందని మాస్టారికి అబద్ధం చెప్పి కాపాడిందెవరు? ఈవిడగారా? పెంచి పెద్దచేసిన చెల్లెల్ని అప్పనంగా కొట్టేసి, పైగా ఎంత నెమ్మదస్తురాలిలా టీ తాగుతోందో!

"గుడారం ఇద్దరికే సరిపోతుందట" అని చదివింది చెల్లెలు. "మనకు అంతకంటే ఎందుకు?"

మూడో మనిషి ఒకతె ఎదురుగా కూర్చుని ఉందన్న ధ్యాసే లేదు. నిజం చెప్పొద్దూ, ఫ్రిజ్జమ్మకు నిన్నటిదాకా ఆ మంచూ ఆ కుక్కలూ అంటే ఏమాత్రం సరదా లేదు. ఆ ఒక్క మాటతో, అక్కడికి వెళ్ళకపోతే ప్రాణం పోతుందన్నంత సరదా పుట్టుకొచ్చింది.

"రండి, మీ కోటు సంగతి తేల్చేద్దాం" అని లేచింది తోడికోడలితో. చెల్లెలు కూడా లేవబోతే, "నువ్వాగు. కొత్తవాళ్ళను లోపలికి ఒక్కొక్కరినే తీసుకెళ్ళాలి. రూలు" అంది. అలాంటి రూలేదీ లేదు. అప్పటికప్పుడు పుట్టించింది.

బరువైన తలుపు లాగి, ప్లాస్టిక్ తెరలు పక్కకు తోసి లోపలికి తీసుకెళ్ళింది. వరసల చివర, చల్లగాలి కొట్టే పెద్ద ఫ్యాన్ల కింద ఒక చోటుంది. పాత పనివాళ్ళు కూడా అక్కడ ఊరికే నిలబడరు. చలి బట్టల మీద ఆగకుండా నేరుగా ఎముకల్లోకి దిగుతుంది. సరిగ్గా అక్కడే నిలబెట్టింది.

"ఇక్కడైతే బాగా తెలుస్తుందండీ" అంది మర్యాదగా.

తెలియాల్సింది ఒక్కటే. ఈవిడ 'బాబోయ్, నా వల్ల కాదు' అనాలి. అంటే గుడారంలో ఒక చోటు ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన చోటుకు సొంత అక్క ఉండగా ఇంకెవర్ని పిలుస్తుంది?

తోడికోడలి పళ్ళు టకటకలాడాయి. కనురెప్పల మీద తెల్లగా నూగు పట్టింది. అయినా అక్కణ్ణుంచి కదలదు.

"చాలాండీ?"

"ఇంకాసేపు ఉంటానండీ."

మొండిఘటం, అనుకుంది ఫ్రిజ్జమ్మ పళ్ళు నూరుకుంటూ.

"మీరు రోజూ ఇందులోనే తిరుగుతారా?" అంది తోడికోడలు.

"తిరక్క ఏం చేస్తాం? కీళ్ళు పట్టేస్తాయి, ముక్కు ఆగదు, ఇంటికెళ్ళి రెండు రగ్గులు కప్పుకున్నా ఒళ్ళు వేడెక్కదు. పగవాళ్ళకు కూడా వద్దండీ ఈ ఉద్యోగం." ఆ మాటలు అలవాటుగా వచ్చేశాయి. ఎవరు పలకరించినా చదివే పాఠమే అది.

"అదే తనూ చెప్పింది." తోడికోడలు మాటలు వణుకుతున్నాయి. "టిక్కెట్లు కొనకముందే అన్నాను, మీ అక్కని తీసుకెళ్ళొచ్చుగా అని. 'ఎన్నేళ్ళనుంచో చలిని తిట్టుకుంటూ బతుకుతోంది, సెలవుల్లో కూడా అందులోకే ఎలా ఈడ్చను' అంది. మరెవరూ లేక నన్ను పట్టుకుంది. నాకసలు చలి పడదండీ. అంత ముచ్చటపడుతుంటే కాదనలేకపోయా. మీరు వస్తానంటే చెప్పండి, నా చోటు మీకిచ్చేసి బతికిపోతాను."

"సరే, వస్తాను" అనేసింది ఫ్రిజ్జమ్మ. అడక్కుండానే వరం దొరికింది. ఇంతసేపూ ఫ్యాన్ల కింద నిలబెట్టిన ఈ మనిషి మీద ఒక్కసారిగా జాలి కూడా కలిగింది. చెయ్యి పట్టుకుని గబగబా బయటికి లాక్కొచ్చింది.

తలుపు దగ్గరే కాచుకుని ఉన్న చెల్లెలు తోడికోడలి నీలంబారిన పెదాలు చూసి గుండెలు బాదుకున్నంత పని చేసింది. ఆవిడ చేతులు తన చేతుల్లోకి లాక్కుని రుద్దుతూ, నోటితో వేడిగా ఊదుతూ, "ఇంతసేపా! నీకైతే అలవాటు, ఆమెకెలా ఉంటుందక్కా? కాస్తైనా జాలి ఉండక్కర్లా?" అని విరుచుకుపడింది.

ఫ్రిజ్జమ్మ వేళ్ళు కూడా కొంకర్లు పోయి ఉన్నాయి. వాటిని ఎవరూ చూడలేదు.

"నేను రానులేవే" అంది తోడికోడలు వణుకుతూనే. "నా బదులు మీ అక్క వస్తుంది. నేను అడిగాను."

చెల్లెలి మొహం చిన్నబోయింది. రెప్పపాటే. వెంటనే నవ్వు తెచ్చిపెట్టుకుంది. కానీ పెట్టె పైనుంచి చూసి, లోపలి సరుకు దారి మధ్యలో ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిందో లేదో చెప్పగల మనిషి ఫ్రిజ్జమ్మ. ఆ రెప్పపాటు ఆమె కంట పడకుండా ఎక్కడికి పోతుంది?

"నిజంగా వస్తావా అక్కా? మంచిదేగా! కాకపోతే నువ్వు అక్కడ కూడా..."

"అక్కడ కూడా ఏంటే?"

"ఏం లేదులే."

ఆ మాత్రం చాలు. అక్కను చలిలోకి ఈడ్చడం ఇష్టంలేదన్న మాట నిజమే, కాదనలేదు. కానీ అది తోడికోడలికి చెప్పుకోదగ్గ సగం. మిగతా సగం ఏమిటంటే, పొద్దే పొడవని ఊళ్ళో, ఇద్దరు పట్టే గుడారంలో, పక్కనే పడుకుని సణిగే అక్క ఆ పిల్లకు వద్దు. ఫ్రిజ్జమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది, చెల్లెలి మీద అంతకు రెట్టింపు కోపం వచ్చింది.

పౌరుషమున్న మనిషైతే 'నాకు సెలవు దొరకదులే, మీరే వెళ్ళండి' అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తోడికోడలి చేతులు ఇంకా చెల్లెలి చేతుల్లోనే ఉన్నాయి. అది చూసి ఆ మాటను మింగేసింది.

"నేను సణగనే" అంది. "ఒట్టు. గుడారంలో ఒక్క మాట అనను."

చెల్లెలు తెల్లబోయి చూసింది. అక్క తిట్టడం తెలుసు, కొట్టడం తెలుసు, బతిమాలడం ఆ పిల్ల ఎరగదు. తోడికోడలి చేతులు వదిలి, ఫోను తీసింది.

"కుక్కల బండివాళ్ళు అక్కడ బూట్లిస్తారు, కొలత మార్చి చెప్పాలి మరి. అక్కది నేనే రాసిచ్చాను" అంది తోడికోడలి వైపు చూస్తూ. కాసేపు వేలు గాల్లో ఆగింది. "నీ కాలి సైజెంత?"

తోడికోడలిది అడక్కుండానే తెలుసు. సొంత అక్కది తెలియదు. ఫ్రిజ్జమ్మకు మళ్ళీ ఒళ్ళు మండింది. అయినా చెల్లెలు ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని, ఇంకోసారి అడిగించుకోకుండా చెప్పేసింది.