ఏడో గొట్టం

సముద్రం మీంచి గాలి వీస్తే, కొండమీది మెథడిస్టు చర్చిలో ఆర్గన్ గొట్టాలు సన్నగా మూలుగుతాయి.

ఎవరూ వాయించకుండానే.

ఆ మూలిగేది తగరం... ఈ ఊరి తగరం.

ఇంగ్లండు కొసనున్న ఈ కార్న్‌వాల్‌లో తగరం చాలా చోట్ల దొరికింది. కానీ సముద్రం అడుగున సొరంగం తవ్వి, నెత్తిమీద అలలు దొర్లుతుంటే, మనిషికి వారానికో పిడికెడు చొప్పున మూడేళ్ళు కూడబెట్టి దేవుడికిచ్చిన తగరం ఈ ఒక్క ఊరిదే. దాన్ని కరిగించి గొట్టాలు చేయించారు. గనివాళ్ళే భుజాల మీద కొండెక్కించారు.

ఏడో గొట్టం నిలబెడుతుంటే నిచ్చెన మీద జాకీ నాన్‌కారో చెయ్యి జారింది.

గనిలో మందుగుండు పట్టుకున్నప్పుడు ఏనాడూ జారని చెయ్యి.

గొట్టం మూతి దగ్గర సొట్ట పడింది. స్వరం వెంట్రుకవాసి కిందికి దిగింది. వెనక్కి పంపడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఊరే దాంతోపాటు కిందికి దిగి పాడింది.

నూట ముప్పై ఏళ్ళు అలాగే పాడింది. ఉయ్యాల్లో పిల్లలు అలాగే విన్నారు. ఆస్ట్రేలియా గనిలో ఒకడు కూనిరాగం తీస్తే, పాటలో ఆ స్వరం దగ్గర దిగిన గొంతు విని ఇంకొకడు పార ఆపేశాడు —

"ఒరేయ్, మనూరోడివా?"

గని మూతపడింది. ఆర్గన్ మిగిలింది. జాకీకి పడ్డ 'జారుచేతులోడు' అన్న పేరూ మిగిలింది. అతని మునిమనవరాలు కెరెన్ ఇప్పుడు ఆర్గన్ వాయిస్తుంది. ఎంత బాగా వాయించినా జారుచేతులోళ్ళ పిల్లే.

అందుకే, శ్రుతి సరిచేసే హాస్కిన్ ఆ వారం మరమ్మతుకు రాగానే, ఆమె ముందు ఏడో గొట్టమే చూపించింది.

"దీన్ని బాగుచెయ్యండి. మా ఇంటిమీద మచ్చ పోవాలి."

అరపూట పని. సొట్ట పోయింది.

ఆదివారం చర్చి వార్షికోత్సవం. బెంచీలు నిండాయి. మొదటి పాటలో ఆ చోటు వచ్చింది —

ఆర్గన్ పైకి వెళ్ళింది. ఊరు కిందికి దిగింది.

రెండొందల గొంతులు. ఒక్కటీ తడబడలేదు. రెండో చరణంలోనూ అంతే. కెరెన్ చెవులు వేడెక్కాయి. ఇంకా సిగ్గు ఏమిటంటే... మనసులో తనూ కిందికే పాడుతోంది.

మూడో చరణం. ఆ చోటు వచ్చింది.

కెరెన్ ఆ స్వరం మెట్టు మీది వేలు తీసేసింది.

ఆర్గన్ ఊరుకుంది.

ఊరు పాడింది.

ముత్తాత చెయ్యి జారిన స్వరం... రెండొందల గొంతుల్లో, నిటారుగా నిలబడి. కెరెన్ తలెత్తి తనూ గొంతు కలిపింది.

ఆరాధన అయ్యాక, గనిలో చివరిదాకా పనిచేసిన ముసలి డిగోరీ వచ్చి నిలదీశాడు.

"ఏమ్మా జారుచేతుల పిల్లా! మా జాకీ గొట్టాన్ని ఏం చేశావే?"

మా జాకీ.

ఇన్నేళ్ళ వెక్కిరింతలో ఆ 'మా' ఉందని కెరెన్‌కు ఇప్పుడే తెలిసింది.

"తప్పయింది బాబాయ్" అంది.

హాస్కిన్ తల గోక్కున్నాడు. "మళ్ళీ సొట్ట పెట్టమంటారేమో, నావల్ల కాదమ్మా. అలా జారాలంటే మీవాళ్ళ చెయ్యే కావాలి."

అందరూ టీకి వెళ్ళారు. మరమ్మతుకు వేసిన నిచ్చెన ఇంకా అక్కడే ఉంది. కెరెన్ దానిమీద చెయ్యి వేసి, ఏడో గొట్టం వంక చూస్తూ నిలబడింది.

సముద్రం మీంచి గాలి వచ్చింది. గొట్టాలు సన్నగా మూలిగాయి...

ఏడోది మాత్రం, వెంట్రుకవాసి పైన.