నాలుగున్నర అడుగులు

అక్క తమ ఇంటికి వచ్చిన ఐదో నెలలో అతను హాల్లో అడ్డుగోడ పెట్టించాలని నిశ్చయించుకున్నాడు. ఇటుకల గోడ కాదు. సన్నటి ఇనప చట్రం నిలబెట్టి, దానికి రెండు వైపులా జిప్సం బోర్డులు బిగించే గోడ. ఇసుక, సిమెంటు అక్కర్లేదు. నాలుగు రోజుల్లో గది తయారవుతుంది.

"నీకంటూ ఒక గది ఉండాలి కదక్కా" అన్నాడు.

అక్క చేతిలోని దుప్పటి మడతపెట్టడం ఆపి అతని వైపు చూసింది. "నాకెందుకురా గది? హాల్లో బాగానే ఉన్నాగా" అంది కానీ, ఆ సాయంత్రమంతా ఆమె మొహంలో ఒక వెలుగు కనిపించింది. బట్టలు పెట్టుకునే అలమర ఎంత వెడల్పుందో జానలతో కొలుచుకుంది. మర్నాడు మరదలితో కలిసి తలుపుకి ఏ రంగు వేయించాలా అని గంటసేపు వాదించింది.

ఆమె ముప్పై నాలుగేళ్లు ఒక పెద్ద ఆసుపత్రి బట్టల విభాగంలో పనిచేసింది. దుప్పట్లు ఉతికించడం, చిరిగినవి కుట్టడం, లెక్క చూసి వార్డులకు పంపడం. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయేనాటికి ఆమెకు పంతొమ్మిదేళ్లు, తమ్ముడికి తొమ్మిది. అతనికి అన్నం పెట్టింది, చదివించింది, పెళ్లి చేసింది. అలాంటి మనిషి ఎక్కడికి వెళుతుంది? "మా ఇంటికే రా" అని అతనే అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

కానీ హాల్లో ఉన్నది ఒకే ఒక కిటికీ. దాని కింద అతని బల్ల. భూములు కొలిచే ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగం అతనిది. సగం పని ఇంటికి తెచ్చుకుని ఆ వెలుతురులో గీసుకుంటాడు. పదిహేనేళ్లుగా ఆ కుర్చీ, ఆ కిటికీ, కింద వీధిలో మలుపు తిరిగే బస్సులు, ఎదురుగా తాళాల షాపు. ఇవన్నీ అతనివి. ఇప్పుడు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ కుర్చీలో అక్క ఉంటోంది. అతన్ని చూడగానే చటుక్కున లేస్తుంది. "రా రా, కూర్చో" అంటుంది. కుర్చీ వెచ్చగా ఉంటుంది. బల్ల మీద ఒక తలపిన్నో, దారపు ముక్కో దొరుకుతుంది. ఒకసారి మ్యాపు మీద టీ గ్లాసు మరక గుండ్రంగా పడింది. అతను ఏమీ అనలేదు. అనలేక లోపలే కుతకుతలాడిపోయాడు.

గది ఆలోచన అక్కడి నుంచే పుట్టింది. ఆ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ప్లాను తనే గీశాడు. హాలు పొడవు ఇరవై రెండు అడుగులు. వీధి తలుపు నుంచి పది అడుగుల దగ్గర కిటికీ మొదలై, పదమూడున్నర దగ్గర ఆగుతుంది. అడ్డుగోడ తొమ్మిదిన్నర దగ్గర వస్తే కిటికీ అక్క గదిలో ఉంటుంది. పద్నాలుగు దగ్గర వస్తే హాల్లో మిగులుతుంది. పెన్సిలు తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. ఒక గీత గీశాడు. చెరిపాడు. మళ్లీ గీశాడు. మళ్లీ చెరిపాడు. చివరికి పద్నాలుగు దగ్గర స్కేలు పెట్టి గట్టిగా గీసేశాడు.

భార్య కాగితం చూసి, "వదిన గదికి కిటికీ లేదేంటండీ?" అంది.

"పైన దూలం చూడు. సరిగ్గా పద్నాలుగు దగ్గరుంది. గోడ దాని కిందే రావాలి. ఇంకోచోట పెడితే నిలవదు" అన్నాడు.

ఆమె ఒక మందుల షాపులో పనిచేస్తుంది. మాత్రల సంగతి తెలుసు కానీ గోడల సంగతి తెలియదు. భర్త మాట నమ్మింది.

ఆదివారం ఉదయం బోర్డుల మేస్త్రీ కొలతలు తీసుకోవడానికి వచ్చాడు. చెవి మీద పెన్సిలు, నడుముకి టేపు, నోటి నిండా మాటలు. గోడలు వేలితో తట్టి చూశాడు. అక్క అతని వెనకాలే తిరుగుతూ ప్రశ్న మీద ప్రశ్న వేసింది.

"దీనికి మేకు కొడితే ఆగుతుందా?"

"చట్రం ఉన్నచోట కొడితే ఆగుతుందమ్మా. ఎక్కడెక్కడ చట్రం ఉందో గుర్తులు పెట్టి వెళతాను."

"మా వాడి గురక వినపడకుండా ఉంటుందా?"

"మధ్యలో దూది పరుపులాంటిది పెడతాం. సగం ఆగుతుంది."

"మిగతా సగం నేను భరిస్తాలే. వాడు పుట్టినప్పటి నుంచీ అలవాటే" అంది. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు.

మేస్త్రీ కాగితం విప్పి, తల ఎత్తి, కిటికీ వంకా కాగితం వంకా రెండుసార్లు చూశాడు. "అదేంటి సార్, గదిని చీకటి కొట్టు చేశారు? గోడ ఇవతలికి జరిపితే కిటికీ కలిసొస్తుంది కదా."

"దూలం..." అన్నాడు అతను.

"దూలంతో మనకేం పని సార్? ఇదేమైనా బరువు మోసే గోడా? పైన సీలింగుకి ఒక పట్టీ, కింద నేలకి ఒక పట్టీ. మీరు ఎక్కడ గీత గీస్తే అక్కడ నిలబడుతుంది. మ్యాపులు గీసేవాళ్లు, మీకు తెలియదా?"

అతను తల దించుకున్నాడు. భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చూపు అతని మీద వాలి, అక్కడే ఆగిపోయింది.

అప్పుడు అక్క మాట్లాడింది. "వాడి తప్పేం లేదయ్యా. నేనే అలా గీయమన్నాను. నాకు వెలుతురు పడదు. కళ్లు నీళ్లు కారతాయి."

"అలాగా అమ్మా. అయితే సరే" అని మేస్త్రీ పద్నాలుగు అడుగుల దగ్గర నేల మీద సుద్దతో గీత గీశాడు. గురువారం సామానుతో వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

అక్క ఏమీ జరగనట్టే గిన్నెలు సర్దడానికి వెళ్లింది. భార్య అతన్ని ఒక్క మాట కూడా అడగలేదు. అడిగితే బాగుండేది. ఏదో ఒక జవాబు చెప్పి బయటపడేవాడు.

ఆ మూడు రోజులూ అతను ముళ్ల మీద ఉన్నట్టు గడిపాడు. హాల్లో నడిచినప్పుడల్లా ఆ సుద్ద గీతను తొక్కకుండా దాటేవాడు. ఆఫీసు నుంచి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉండేది. అక్క ఇప్పుడు గీతకి అవతలే, గోడ వారగా మడత మంచం మీద కూర్చుని బటన్లు కుడుతోంది. సూదిలో దారం ఎక్కించడానికి దాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకుని, తల పైకెత్తి ట్యూబులైటు వైపు పెట్టుకుంటోంది. కిటికీ దగ్గరకి మాత్రం రావడం లేదు. అతను తన బల్ల ముందు కూర్చున్నాడు. వెలుతురు నిండుగా పడుతోంది. ఒక్క గీత కూడా తిన్నగా రాలేదు.

బుధవారం సాయంత్రం కొత్త కాగితం మీద మళ్లీ ప్లాను గీశాడు. గోడని నాలుగున్నర అడుగులు జరిపాడు. దాన్ని తీసుకెళ్లి అక్క ముందు పెట్టాడు.

"దూలం మాట అబద్ధం అక్కా. కిటికీ నాకు కావాలనిపించింది. అందుకే అలా గీశాను."

అక్క సూది బట్టకి గుచ్చి పక్కన పెట్టింది. "తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"కాగితం చూసినప్పుడే. తొమ్మిదిన్నర దగ్గర రెండుసార్లు చెరిపావు. నీ చెరుపులు నాకు తెలియవా? స్కూలు పుస్తకాల నుంచీ చూస్తున్నాను."

"మరి మేస్త్రీ ముందు ఎందుకలా చెప్పావు?"

"పరాయివాడి ముందు నువ్వు తలదించుకుని నిలబడితే చూడలేకపోయాను. నోరు దానంతటదే అబద్ధమాడింది. ముప్పై నాలుగేళ్లు నేలమాళిగలో పనిచేశానురా నేను. పొద్దునా ట్యూబులైటే, సాయంత్రమూ ట్యూబులైటే. వానొస్తోందో ఎండ కాస్తోందో పైనుంచి ఎవరైనా వచ్చి చెబితే తెలిసేది. అలాంటిదాన్ని, నాకు వెలుతురు పడదని నా నోటితో నేనే అన్నాను. అన్నాక ఆ రోజంతా ఒళ్లు మండిపోయింది. నీ మీద కాదు, నా మీద."

అతను మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మనం ఒంటి గదిలో ఉన్నప్పుడు కూడా కిటికీ నీ బల్లకే ఇచ్చాను. గుర్తుందా? నువ్వు గీతలు నేర్చుకుంటున్నావని నా మంచం మూలకి లాక్కున్నాను. అప్పుడు నేను ఇచ్చాను. ఇప్పుడు నువ్వు తీసుకున్నావు. రెండూ ఒకటి కాదు."

"తప్పయిపోయిందక్కా. కావాలంటే సగం సగం..."

"కిటికీని రొట్టెలా కోస్తావా?" అంది. నవ్వుతుందేమోనని ఆశగా చూశాడు. ఆమె నవ్వలేదు. కాగితాన్ని దగ్గరకి లాక్కుని చాలాసేపు చూసింది. వద్దు నాన్నా, నీ కిటికీ నువ్వే ఉంచుకో అంటుందని అతను భయపడ్డాడు. ఆ భయంలో ఎక్కడో ఓ మూల చిన్న ఆశ కూడా ఉందని గమనించేసరికి, అతనికి తనంటే తనకే అసహ్యం వేసింది.

"ఇదే ఖాయం చెయ్యి. నాకు కిటికీ కావాలి" అంది అక్క.

గురువారం మేస్త్రీ వచ్చి కొత్త ప్లాను చూసి నోరు తెరిచాడు. "అమ్మకి వెలుతురు పడదన్నారు కదా సార్?"

"నాకు పడలేదు" అన్నాడు అతను. మేస్త్రీకి అర్థం కాలేదు. తడిగుడ్డతో పాత గీత తుడిచేసి పని మొదలుపెట్టాడు. చట్రం లేచింది, తీగలు లాగారు, బోర్డులు బిగించారు. అతుకుల మీద పుట్టీ ఆరాక గరుకు కాగితంతో రుద్దితే ఇల్లంతా తెల్లటి పిండి కురిసింది. భార్య ముక్కుకి చున్నీ కట్టుకుని, వదినతో కలిసి రెండు రోజులు దుమ్ము దులిపింది. మెల్లగా అతనితో కూడా మాట్లాడటం మొదలుపెట్టింది.

అతని బల్ల వంటింటి గోడ పక్కకి చేరింది. దాని మీద ఒక దీపం పెట్టుకున్నాడు.

అక్క గదిలోకి మారిన వారానికి, ఒక మధ్యాహ్నం, అతను రెండు గ్లాసుల టీ పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క దగ్గరికి వెళ్లడానికి తలుపు తట్టాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. మోచేత్తో తట్టాడు.

"ఎవరు?"

ఇంట్లో ఉన్నది ఇద్దరే. "నేనే అక్కా. టీ తెచ్చాను."

లోపల కుర్చీ కదిలిన చప్పుడు వినిపించింది. అడుగుల చప్పుడు మాత్రం రాలేదు.

"ఇప్పుడు కాదురా. కాసేపు కూర్చోనీ."

ఆ గొంతులో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. "సరే అక్కా" అన్నాడు. చల్లారిపోతున్న రెండు గ్లాసులతో, ఇంకా రంగు వాసన వేస్తున్న ఆ తలుపు ముందు, ఏ వైపు తిరగాలో తెలియని మనిషిలా అలాగే నిలబడ్డాడు.