బొండం కడుపులో పాములు

పామని నోటితో అనకూడదుగా, అందుకే పురుగన్నాడు సూరయ్య, దివిసీమలో పుట్టినవాడెవడైనా అంతే అంటాడు, పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందని వాళ్ళమ్మ చెప్పింది, డెబ్భై దాటినా ఆ మాట నాలిక మీద అట్టాగే కూచుంది, అందులో తప్పేముంది, మరి ఈ రాజ్ కుమార్ ఆటోని ఇట్టా ఎందుకు తోలుతున్నాడు, గతుకు చూడడు, గేదెని చూడడు, ఒళ్ళో తువ్వాల్లో చుట్టిన కుక్కపిల్ల బొండం గతుకు గతుక్కీ కుయ్యిమంటోంది, నెమ్మదిగా పోనీరా అబ్బాయ్ అందామని నోరు తెరిచేలోపు వాడే అందుకున్నాడు, భయపడమాకు తాతా, పది నిమిషాల్లో పశువుల ఆసుపత్రిలో ఉంటాం, ఇంతకీ పురుగు ఎంత పొడుగుంది, ఓ... బెత్తెడుంటుంది అన్నాడు సూరయ్య, అయితే పిల్లన్నమాట అన్నాడు వాడు, పిల్లలే, ఆరో... ఏడో... అన్నాడు సూరయ్య, దాంతో వాడు బ్రేకు కిందుందన్న సంగతి కూడా మర్చిపోయి రెండు కాళ్ళూ సీటు మీదకి లాక్కున్నాడు, ఆరేడా, అవేమన్నా ఆ తువ్వాల్లో ఉన్నాయా తాతా, ఉంటే చెప్పు, నేనిక్కడే దిగిపోతాను, ఈ కాలం కుర్రాళ్ళకి కడుపులో పురుగంటే ఇంత భయమేంటో అనుకున్నాడు సూరయ్య, చిన్నప్పుడు మాకు మాత్రం లేవా, ఆముదం పోస్తే బయటికొచ్చేవి, ఎవడూ కాళ్ళు పైకి పెట్టలేదు.

వాడికి విడమరిచి చెప్పాలంటే పొద్దున్నుంచీ చెప్పాలి, సూరయ్య మాటకీ మాటకీ మధ్య ఎడ్లబండి తిరగొచ్చంటాడు కొడుకు వెంకటసాయి, ఆ సందులో దూరి అందరూ ఆయన మాట వాళ్ళే పూర్తి చేసేస్తారు, ఒక్క బొండమే కాదూ చివరిదాకా వినేది, తల వంచి, ఒక చెవి లేపి, ఊ కొట్టదన్నమాటే గానీ, తెచ్చి నెలైంది, రెండు నెలల పిల్ల, వచ్చినప్పుడు ఎండిన కొబ్బరిమట్టలా ఉండేది, సూరయ్య పెరుగన్నం కలిపి కలిపి పెట్టాడు, పొట్ట గుండ్రంగా వచ్చింది, బొండంలా ఉంది తాతయ్యా అంది మనవరాలు వర్షిణి, ఆ పేరే ఖాయమైంది, చూశారా నా చేతి చలవ అని వీధిలో అందరికీ ఆ పొట్ట చూపించుకున్నాడు, పక్కటెముకలు అట్టాగే కనపడుతున్నా పొట్ట ఒక్కటే పెరుగుతోందేంటని ఆ వీధిలో ఒక్కడూ అడగలేదు, ఆయనకీ తోచలేదు.

తోచింది కోడలు దుర్గాదేవికి, ఇవాళ పొద్దున వరండాలో వర్షిణి స్కూలు సంచి పక్కనే బొండం కక్కితే, అందులో ఉడికిన సేమ్యాలాగా తెల్లగా చుట్టలు చుట్టుకుని కదిలాయి, దుర్గాదేవి అరవలేదు, అరిస్తే బాగుండేది, మెల్లిగా అంది, మావయ్యగారూ, పిల్ల దీని మూతి మీద మూతి పెట్టి పడుకుంటోంది, సాయంత్రం లోపల దీని సంగతి తేలకపోతే గిలకలదిండిలో మా తమ్ముడికిచ్చేస్తాను, ఐస్ ఫ్యాక్టరీ దగ్గర కాపలాకి ఉంటుంది, దాంతో వర్షిణి మూతి ముడుచుకుని టిఫిన్ ముట్టకుండా బడికెళ్ళింది, పక్కింటి పెద్దింట్లమ్మ గోడ మీంచి తొంగి చూసి, వేపాకు నూరి వెల్లుల్లి కలిపి మింగించు అన్నయ్యా, దెబ్బకి పడతాయి అంది, వేపాకు ముద్ద బొండం నోట్లో పెట్టీ పెట్టకముందే సూరయ్య పంచె మీదుంది, అది తుడుచుకుంటూనే ఆసుపత్రికి ఫోన్ చేశాడు, కుక్కపిల్లకండీ... పురుగండీ..., అవతలి కాంపౌండరు మిగతాది విననే లేదు, కదిలించకండి, ఆటోలో వెంటనే తీసుకొచ్చేయండి, నేను సెలైన్ సిద్ధం చేస్తాను అని పెట్టేశాడు, పట్నాల్లో వైద్యం ఎంత బాగుపడిందో అనుకున్నాడు సూరయ్య.

ఆసుపత్రి గేటు దగ్గరే ఆ కాంపౌండరు, పేరు ఫిలిప్పట, ఒక చేతిలో సీసా ఇంకో చేతిలో సూది పట్టుకుని నిలబడ్డాడు, ఎక్కడ ముట్టింది తాతగారూ, కడుపులో, కడుపు మీదా, మీద కాదయ్యా లోపల, లోపల ఎట్టా ముట్టుద్దండీ, ముట్టడమేంటయ్యా అక్కడే కాపురముంటేను అన్నాడు సూరయ్య, ఫిలిప్ తువ్వాలు విప్పి కాటు గుర్తు కోసం వెతుకుతున్నాడు, అప్పుడు లోపల్నుంచి డాక్టరమ్మ శ్రీలేఖగారొచ్చింది, గుడివాడ అమ్మాయి, ఆవిడ మాత్రం సూరయ్య నోటి వంకే చూస్తూ ఆగింది, మీరు చెప్పండి తాతగారూ, పూర్తిగా చెప్పండి అంది, ఆయన సేమ్యా దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు, అయ్యేసరికి ఫిలిప్ సూది దాచేసుకుంటున్నాడు, ఆవిడ నవ్వాపుకుంటోంది, మీ దివి వాళ్ళు పాముని పురుగంటారు, కడుపులో పురుగుల్నేమో ఏలికపాములంటారు, ఇంక నేను మందు దేనికెయ్యాలండీ అంది, రాజ్ కుమార్ అప్పటికి కాళ్ళు కింద పెట్టాడు.

తూకం ఎట్టా చూశారో తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ముందు సూరయ్యని బొండంతో సహా మిషనెక్కించారు, తర్వాత ఒక్కణ్ణీ ఎక్కించారు, తేడా మూడు కిలోల ఎనిమిది వందలు, దాని బరువుని బట్టే మందండీ అంది డాక్టరమ్మ, వర్షిణికి బళ్ళో ఇచ్చిన నులిపురుగుల మాత్ర సగం వేద్దామనుకున్నానమ్మా అన్నాడు సూరయ్య, వద్దండీ, మనుషుల మాత్ర వాళ్ళకే, వెల్లుల్లి కుక్కకి అసలే పడదు, అంటూ సూది లేని సిరంజితో తెల్లమందు బుగ్గ పక్కనించి పోసింది, వేపాకు కక్కిన బొండం ఇది చప్పరించి ఇంకా ఉందా అన్నట్టు చూసింది, పదిహేను రోజులకి మళ్ళీ, మూడో నెల నిండేదాకా అట్టాగే, ఆరో నెల దాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి, బతికినంత కాలం, ఒకసారేస్తే పోవా అన్నాడు సూరయ్య, మీ చేలో కలుపు ఒకసారి తీస్తే పోయిందా అంది, మరి మా ఇల్లు శుభ్రంగానే ఉంటుందిగదమ్మా ఎట్టా వచ్చాయి అన్నాడు, తల్లి కడుపులోంచే వస్తాయండీ, పాలల్లో వస్తాయి, మీ తప్పేం లేదు, అసలు భయం దాని దొడ్డితో, అందులో గుడ్లుంటాయి, మట్టిలో రెండు మూడు వారాలు నానితే అప్పుడు మనుషులకి అంటుకుంటాయి, ఏ రోజుది ఆ రోజు ఎత్తేస్తే ఏ బాధా లేదు, పాపని మాత్రం చేతులు సబ్బుతో కడుక్కోమనండి, మూతి నాకించుకోవద్దనండి, కడుపునొప్పి అంటే మాత్రం పిల్లల డాక్టరుకి చూపించండి, అని, ఇంతకీ మీ ఇంట్లో ఎత్తేదెవరండీ అంది.

సూరయ్య నోరు తెరిచాడు, ఈసారి ఆయన మాట పూర్తి చేసేవాళ్ళెవరూ లేరు, ఎత్తేదెవరు, నెలరోజుల్లో పెరట్లో ఒక్కసారైనా కాలికి తగల్లేదే, రోజుకి నాలుగుసార్లు పెడితే నాలుగుసార్లు బయటికి రావాలిగా, అవన్నీ ఏమైపోయినట్టు, అప్పుడు చెవిలో చప్పుడు, తెల్లారి తను అరుగు మీద కాఫీ తాగేటప్పుడు పెరట్లో పార గీరుకునే చప్పుడు, మునగచెట్టు కింద బ్లీచింగు వాసన, కోడలు కాలవ బాగుచేస్తోంది కాబోలనుకున్నాడు, నెలరోజులు అదే అనుకున్నాడు.

సాయంత్రం, ఇంకా పొద్దుండగానే, మందు పని చేసింది, మునగచెట్టు కింద బొండం కూచుని లేచింది, ఓ పిడికెడు సేమ్యా, దుర్గాదేవి పార పట్టుకుని అటే వస్తోంది, సూరయ్య అడ్డం నిలబడి చెయ్యి చాపాడు, ఇట్టా ఇవ్వమ్మా, మీకెందుకు మావయ్యగారూ నడుం పట్టేస్తుంది అంది, పెట్టేది నేను... అని ఆగాడు, ఆవిడేమీ అందించలేదు, ఎత్తేది నువ్వూ అయితే, దాన్ని నేను పెంచుతున్నానని... ఊరంతా చెప్పుకుంటున్నానమ్మా, అన్నాడు, దుర్గాదేవి పార ఇచ్చింది, పమిట మూతికి అడ్డం పెట్టుకుంది, వాసనకో నవ్వుకో తెలీదు, పదిహేను రోజులు చూస్తాను, మళ్ళీ మందేసే నాటికి కూడా ఎత్తేది మీరే అయితే గిలకలదిండి మాటెత్తను, లేకపోతే మీ ఇద్దర్నీ కలిపే మా తమ్ముడి దగ్గరికి పంపిస్తాను అంది, బడి నించొచ్చిన వర్షిణి ఎవరూ చెప్పక ముందే చేతులకి సబ్బు రుద్దుకుంటూ గట్టిగా నవ్వింది, సూరయ్య పార కిందకి దింపాడు, మొదటిసారి సగం జారింది, రెండోసారికి అంతా వచ్చింది, గుంటలో పోసి మట్టి కప్పాడు, నడుం నిజంగానే పట్టింది, అయినా మనసు తేలిగ్గా ఉంది, పెట్టే చేతిని అందరూ చూస్తారు, తోకూపి కుక్కా చూస్తుంది, ఎత్తే చెయ్యే ఎవరికీ కనపడదు, ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో బొండాన్ని పెంచింది ఆ చెయ్యే.